లారీ ఎయిర్ కంప్రెసర్: కిట్టు వేయించాలా, రీకండిషన్ తీసుకోవాలా, కొత్తది కొనాలా?

బ్రేకులకు ఎయిర్ ఎక్కడం లేదని వరంగల్ ఆటోనగర్‌కు బండి తోలుకొస్తే ఎక్కువసార్లు మొదట వినపడే మాట "కంప్రెసర్ పోయిందన్నా, మార్చుడే" అని. అది నిజమే కావచ్చు. కానీ గాలి తయారయ్యే చోటు నుంచి బ్రేకు దాకా మధ్యలో ఇనుప పైపు, గాలిలో చెమ్మ తీసే డ్రైయర్, ఒక లైను పోయినా మిగతావాటిలో గాలి నిలిపే నాలుగు సర్క్యూట్ల ప్రొటెక్షన్ వాల్వు, ట్యాంకులు, ఛాంబర్లు, పదుల కొద్దీ జాయింట్లు ఉన్నాయి. వీటిలో ఏది చెడినా క్యాబిన్‌లో కనపడేది ఒక్కటే: గాలి మీటరు ముల్లు లేవదు, బజర్ ఆగదు.

కాబట్టి ఏ కంప్రెసర్ కొనాలన్నది రెండో ప్రశ్న. అసలు కొనాలా అన్నది మొదటిది. నిజంగా కొనాల్సి వచ్చినా అందరికీ ఒకే సలహా పనికిరాదు. భూపాలపల్లి గనుల నుంచి బొగ్గు తోలే టిప్పర్‌కు సరైన ఖర్చు, యాసంగిలో వడ్లు తోలి మిగతా కాలం ఇంటి ముందు నిలబడే పాత లారీకి దండుగ.

ముందు గడియారం, ముల్లు

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. బండిలో ట్యాంకులన్నీ కలిపి 90 లీటర్లు, కంప్రెసర్ 300 సీసీ అనుకోండి. అది నిమిషానికి 1500 చుట్లు తిరిగితే లెక్క ప్రకారం 450 లీటర్ల గాలి లాగుతుంది. వేడి, వాల్వుల దగ్గర నష్టం పోను చేతికొచ్చేది దాంట్లో అరవై శాతం అనుకున్నా 270 లీటర్లు. 90 లీటర్ల ట్యాంకులో ఒత్తిడి ఒక బార్ పెరగడానికి 90 లీటర్ల బయటి గాలి కావాలి. అంటే ఆరు నుంచి ఏడు బార్‌కు ఎక్కడానికి ఇరవై సెకన్లు. మీ బండి ట్యాంకుల సైజు, కంప్రెసర్ సీసీ వేసుకుని ఇదే లెక్క చేయండి. ఇరవై రావాల్సిన చోట ముప్పై వస్తే కంగారు అక్కర్లేదు. నిమిషంన్నర పడుతుంటే ఎక్కడో తేడా ఉంది.

పోల్చుకోవడానికి ఇంకో కొలత ఉంది. అమెరికాలో భారీ వాహనాల లైసెన్సు పరీక్షలో, రెండు సర్క్యూట్ల బ్రేకులున్న బండికి 85 నుంచి 100 పీఎస్ఐ దాకా, అంటే దాదాపు 5.9 నుంచి 6.9 బార్‌కు, 45 సెకన్లలోపు గాలి ఎక్కాలి. మన దగ్గర అది రూలు కాదు గానీ, మేస్త్రితో మాట్లాడేటప్పుడు చేతిలో ఒక అంకె ఉండటం మంచిది. "మెల్లగ ఎక్కుతుందన్నా" అనే మాటకూ "ఆరు నుంచి ఏడుకు 80 సెకన్లు పడుతోంది" అనే మాటకూ వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి.

తర్వాత లీకు. సమంగా ఉన్న చోట ఆపి, చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, గాలి పూర్తిగా ఎక్కాక ఇంజిన్ ఆపండి. హ్యాండ్ బ్రేకు వదిలి ఒక నిమిషం ముల్లు చూడండి. తర్వాత పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుని, మొదటి తగ్గుదల వదిలేసి, ఇంకో నిమిషం చూడండి. అదే అమెరికా లెక్కలో ట్రైలర్ లేని బండికి మొదటిసారి నిమిషానికి 2 పీఎస్ఐ, తొక్కినప్పుడు 3 పీఎస్ఐ దాటకూడదు. ట్రైలర్ ఉంటే 3, 4. రెండు పీఎస్ఐ అంటే 0.14 బార్, మన మీటరులో ముల్లు కదిలినట్టు కూడా అనిపించదు. అర బార్, ఒక బార్ దిగుతుంటే అది కంప్రెసర్ తప్పు కాదు. నిమిషానికి ఒక బార్ దిగడమంటే పైన వేసిన లెక్కలో కంప్రెసర్ సంపాదనలో మూడో వంతు గాలిలో కలిసిపోవడమే. అలాంటి బండికి కొత్త కంప్రెసర్ బిగించినా ఏడాదిలోపు అదీ ఆయిల్ కొట్టడం, అంటే గాలితో పాటు ఇంజిన్ ఆయిల్‌ను పైపులోకి పంపడం, మొదలుపెడుతుంది.

పెడల్ తొక్కినప్పుడే దిగుతుంటే ఛాంబర్లలో డయాఫ్రమ్, పెడల్ వాల్వు చూడాలి. తొక్కకపోయినా దిగుతుంటే సబ్బు నీళ్లు పట్టుకుని లిఫ్ట్ యాక్సిల్ బెలోలు, క్లచ్ బూస్టర్, క్యాబిన్ సస్పెన్షన్, హారన్, ఛాసిస్‌కు రాసుకునే నైలాన్ పైపుల దగ్గరికి వెళ్లాలి. రైస్ మిల్లుల దగ్గర దించుకోవడానికి రోజుల తరబడి లైన్లో నిలబడిన బండ్లకు ఎలుకల బెడద కూడా ఉంటుంది. వడ్లతో పాటు పైపులూ కొరుకుతాయి.

ఇక్కడ ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. ట్యాంకుల నుంచి గాలి వెనక్కి రాకుండా డ్రైయర్ దగ్గర చెక్ వాల్వు ఉంటుంది. కాబట్టి కంప్రెసర్‌కూ డ్రైయర్‌కూ మధ్య ఎంత లీకున్నా, ఇంజిన్ ఆపి చేసే ఈ పరీక్షలో ముల్లు కదలదు. ముల్లు దిగడం లేదు, కానీ ఎక్కడానికి చాలాసేపు పడుతోంది అంటే వెతకాల్సింది ఆ ముందు భాగంలోనే.

ముందు భాగంలో దొంగలు

మొదటి అనుమానం డ్రైయర్ మీద. ముల్లు ఇంకా పైకి ఎక్కుతుండగానే డ్రైయర్ కింద నుంచి గాలి పోతుంటే నీళ్లనూ గాలినీ బయటికి వదిలే పర్జ్ వాల్వు సీటు మీద తుప్పో మసో ఇరుక్కున్నట్టు. చిన్న కిట్టుతో పోతుంది. కానీ కొంచెం జాగ్రత్త. చాలా బండ్లలో గాలి నిండి డ్రైయర్ "పుస్" మని వదిలాక, కంప్రెసర్ తిరుగుతున్నంతసేపూ దాని గాలి అక్కడి నుంచే బయటికి పోతుంటుంది. అది లీకు కాదు, పని. అది చూసి డ్రైయర్ మార్పించిన ఓనర్లు ఉన్నారు.

డ్రైయర్ మాటిమాటికీ వదులుతుంటే, అంటే రోడ్డు మీద బ్రేకు తొక్కకుండా పోతున్నా నిమిషానికోసారి పుస్ మంటుంటే, వెనక లీకైనా ఉండాలి, చెక్ వాల్వైనా పట్టకపోవాలి.

రెండోది కంప్రెసర్ హెడ్డు నుంచి డ్రైయర్‌కు పోయే పైపు. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి బాగా వేడి. ఆయిల్ తడి ఆ వేడికి మాడి లోపల మసిలా గట్టిపడుతుంది. బొటనవేలు పట్టే పైపు పెన్సిలు పట్టేంత అవుతుంది. అప్పుడు హెడ్డులో ఒత్తిడి పెరిగి ఇంకా వేడెక్కుతుంది, ఆ వేడికి ఇంకా మసి పడుతుంది. ఈ చక్రం తిరగడం మొదలయ్యాక కంప్రెసర్‌ను ఎవరూ కాపాడలేరు. రామగుండం వైపు ఎండాకాలం 45 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో లోడుతో తిరిగే బండ్లకు ఇది ఇంకా తొందరగా వస్తుంది. పైపు విప్పి చూడటానికి పట్టే సమయం తక్కువ. ఇంజిన్ చల్లారాక, ట్యాంకుల్లో గాలి వదిలేశాక విప్పండి. మసి ఉంటే గీకి వేయొద్దు, పైపే మార్చండి. గీకిన ముక్కలు నేరుగా డ్రైయర్‌లోకి పోతాయి. ఆ పైపు డ్రైయర్ దాకా వాలుగా దిగాలి. మధ్యలో వేలాడితే నీళ్లు నిలుస్తాయి.

మూడోది లోపలికి పోయే గాలి. చాలా ఇంజిన్లలో కంప్రెసర్ ఇంజిన్ ఎయిర్ ఫిల్టరు నుంచే గాలి తీసుకుంటుంది. ఫిల్టరు మూసుకుపోతే పిస్టన్ కింది ఆయిల్‌ను పైకి పీలుస్తుంది. ఫిల్టరుకూ కంప్రెసర్‌కూ మధ్య రబ్బరు గొట్టం పగిలితే ఇంకా అన్యాయం: బొగ్గు పొడి, కరీంనగర్ క్వారీల గ్రానైట్ దుమ్ము ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయి పిస్టన్ రింగులనూ, పిస్టన్ ఆడే బోరునూ అరగదీస్తాయి. టిప్పర్లలో కంప్రెసర్లు తొందరగా పోవడానికి లోడే కారణమంటారు గానీ, నా లెక్కలో ఈ గొట్టానిదే పెద్ద వాటా. దాని మీద క్లాంపులు బిగించడానికి రూపాయి ఖర్చు కూడా కాదు.

ఇప్పుడు కంప్రెసర్ దగ్గరికి

ఇవన్నీ బాగుండి, ఇంకా తేడా ఉంటే అప్పుడు కంప్రెసర్. అది కూడా ఒక్క రకంగా చెడదు. ఎంపిక మొత్తం ఏ రకంగా చెడిందన్న దాని మీదే ఆధారపడుతుంది.

గాలి మెల్లగా ఎక్కుతోంది, ఆయిల్ మాత్రం కొట్టడం లేదు అంటే ఎక్కువగా హెడ్డులోని వాల్వు పట్టీలు. గాలి పీల్చే గొట్టం విప్పి చేయి పెడితే లోపలికి లాగాలి. వెనక్కి వేడిగాలి తన్నుతుంటే లోపలికి తెరుచుకునే పట్టీ విరిగిందని అర్థం. కొందరు మేస్త్రిలు ఒత్తిడి చూడటానికి హెడ్డుకు ప్లగ్గు బిగించి ఇంజిన్ స్టార్ట్ చేస్తారు. చేయనివ్వకండి. గాలి పోయే దారి లేకపోతే హెడ్డు పగిలి ముక్కలు ఎగురుతాయి.

ఆయిల్ కొట్టడం వేరే కథ. ట్యాంకు కాక్ తిప్పితే నల్లటి నురగ, డ్రైయర్ కింద జిడ్డు, పొగ లేకుండానే ఇంజిన్ ఆయిల్ తగ్గడం. డ్రైయర్ వదిలేటప్పుడు తెల్ల కాగితం అడ్డం పెడితే తెలుస్తుంది. సన్నటి పొర సహజం. కాగితం మీద చుక్కలు చుక్కలుగా నల్లగా పడితే సహజం కాదు. అప్పుడు కూడా రింగులే అని తీర్పు ఇవ్వొద్దు. కంప్రెసర్‌లోని ఆయిల్ ఇంజిన్‌లోకి తిరిగి కారే దారి మూసుకుపోయినా, ఇంజిన్ లోపల బ్లో-బై, అంటే రింగులు దాటి కిందికి దిగే గ్యాసు, ఒత్తిడి పెరిగినా ఇదే కనపడుతుంది. ఇంతకుముందు ఎవరైనా కంప్రెసర్ విప్పి ప్యాకింగ్‌కు సిలికాన్ పేస్టు ఎడాపెడా పూసి ఉంటే, ఆయిల్ రంధ్రాల్లో అది పేరుకుని ఉంటుంది. ఆ రకం సమస్యకు పని అంతా విప్పి, తుడిచి, బిగించడమే.

అన్నింటికంటే ఎక్కువ డబ్బు పోయేది రేడియేటర్‌లో బుడగలు వచ్చినప్పుడు. నీళ్లు పొంగి బయటికి కొడుతుంటాయి, ఇంజిన్ వేడెక్కుతుంది. "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాలె" అంటారు. ఇంజిన్ హెడ్డు దింపి, ప్లేనింగు చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి, మళ్లీ ఎక్కించాక కూడా బుడగలు వస్తే అప్పుడు గుర్తొస్తుంది: ఈ బండిలో కంప్రెసర్ హెడ్డుకు కూడా ఇంజిన్ నీళ్లే పోతున్నాయి కదా అని. కంప్రెసర్ హెడ్ గ్యాస్కెట్ పోతే ఏడెనిమిది బార్ల గాలి నేరుగా రేడియేటర్ నీళ్లలోకి దూరుతుంది.

తేల్చుకోవడానికి ఓపిక చాలు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయండి. ట్యాంకుల్లో గాలి బాగా తగ్గించి స్టార్ట్ చేయండి. గాలి ఎక్కుతున్నంతసేపూ బుడగలు వచ్చి, డ్రైయర్ వదలగానే ఆగిపోతే, మళ్లీ బ్రేకు తొక్కి గాలి దించితే మళ్లీ మొదలైతే అది కంప్రెసరే. గాలితో సంబంధం లేకుండా ఎప్పుడూ వస్తూ, ఎక్సిలేటర్ తొక్కితే పెరుగుతుంటే అది ఇంజిన్. ఇంకో గుర్తు ట్యాంకు కాక్ దగ్గర దొరుకుతుంది. వానాకాలం చెమ్మ నీళ్లకు తుప్పు రంగు తప్ప ఏమీ ఉండదు. కూలెంట్ రంగుతో, వేళ్లకు జారుడుగా తగిలే నీళ్లు వస్తే అవి కంప్రెసర్ హెడ్డు నుంచి వచ్చినవే. ఈ పరీక్షకు పావుగంట పడుతుంది, ఇంజిన్ హెడ్డు విప్పితే నాలుగైదు రోజులు బండి నిలబడుతుంది.

శబ్దం గురించి తక్కువే చెప్పాలి. గాలి ఎక్కేటప్పుడు టకటక కొట్టి, నిండాక తగ్గితే కనెక్టింగ్ రాడ్ బేరింగు. ఎప్పుడూ ఒకేలా మూలుగుతుంటే గేరు. రెండు సందర్భాల్లోనూ బండి ఆపేయండి. విరిగితే ఆ ముక్కలు పోయేది ఇంజిన్ గేర్లలోకే.

ఎంపికలు: దేనికి ఏది

హెడ్డు కిట్టు. వాల్వు ప్లేటు, పట్టీలు, గ్యాస్కెట్లు. కింది భాగం బాగుండి, గాలి మెల్లగా ఎక్కుతున్నా, నీళ్లు కలుస్తున్నా దీంతో సరిపోతుంది. అన్నింటిలో చవక ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే, ఎందుకంటే మొత్తం మార్చడం మేస్త్రికి సులువు. హెడ్డు మట్టంగా ఉందో లేదో గాజు మీద పెట్టి చూపించమనండి. వంగి ఉంటే కొత్త గ్యాస్కెట్ నెల కూడా ఉండదు.

ఫుల్ కిట్టు. రింగులు, పిస్టన్, బేరింగులు, సీళ్లు. ఆయిల్ కొట్టే కంప్రెసర్‌కు ఇది పనిచేయాలంటే ఒక షరతు ఉంది: బోరు కొలవాలి. వేలితో తడిమి "ఏం లేదన్నా, మంచిగనే ఉంది" అంటే ఒప్పుకోవద్దు. బోరు గేజి పెట్టి పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో కొలిస్తేనే అరుగుదల తెలుస్తుంది. అరిగిన బోరులో కొత్త రింగులు వేయడం ఈ మొత్తం వ్యవహారంలో అతి పెద్ద వృథా ఖర్చు. నాలుగు నెలలు బాగుంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది. లేత్‌లో బోరు చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేయొచ్చు, ఆ సైజు పిస్టన్ కంపెనీదే దొరికితేనే. క్రాంకు కూడా అరిగి ఉంటే కిట్టు ఆలోచన వదిలేయండి.

రీకండిషన్. పాతది ఇచ్చి, బాగుచేసిన ఇంకోటి తీసుకోవడం. బండి నిలబడే సమయం తగ్గుతుంది, అదే దీని బలం. నాణ్యత మాత్రం పూర్తిగా చేసిన చేతిని బట్టి ఉంటుంది. కంపెనీ వాళ్లే లేదా వాళ్ల డీలరు ఇచ్చే రీకండిషన్‌కూ, రంగు వేసి రాక్‌లో పెట్టిన దానికీ బయటికి తేడా కనపడదు. కాబట్టి రంగు చూడకండి, మూడు ప్రశ్నలు అడగండి. బోరు ఏ సైజులో ఉంది? లోపల ఎవరి కిట్టు వేశారు? వారంటీ రాసిస్తారా, రాసిస్తే ఆయిల్ కొట్టడం అందులో ఉందా? మూడో ప్రశ్నకు నసిగితే వేరే షాపు చూసుకోండి.

కొత్తది, కంపెనీది. ఖరీదు ఎక్కువ, తలనొప్పి తక్కువ. మన బండ్లలో ఎక్కువగా కనపడే పేర్లు వాబ్కో, నార్ బ్రెమ్సే. వాబ్కోను 2020లో జర్మనీ కంపెనీ జెడ్ఎఫ్ కొనుక్కుంది. ఇక్కడి వాబ్కో ఇండియా పేరు కూడా తర్వాత జెడ్ఎఫ్‌గా మారింది. కాబట్టి డబ్బా మీద జెడ్ఎఫ్ అని ఉందని డూప్లికేట్ అనుకోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే. 28 శాతం వేసిన పాత కొటేషన్ పట్టుకుని బేరమాడుతున్నారేమో చూసుకోండి. కొనేటప్పుడు డబ్బా మీది కాదు, పాత కంప్రెసర్ ప్లేటు మీది పార్ట్ నంబరు సరిపోవాలి. సీసీ, బిగించే రంధ్రాలు, గేరు, నీళ్ల పైపుల దిక్కు, వెనక పవర్ స్టీరింగ్ పంపు బిగించే చోటు, వీటిలో ఏది తేడా వచ్చినా "అడ్జస్ట్ చేద్దాం" అనే మాట వస్తుంది. అడ్జస్ట్ చేయనివ్వద్దు.

డూప్లికేట్ కొత్తది గురించి నా అభిప్రాయం ఒక్క ముక్కలో: కంపెనీ హెడ్డు కిట్టు వేసిన పాత కంప్రెసర్ దానికంటే నయం. స్క్రాప్ యార్డులో విప్పిన సెకండ్ హ్యాండ్‌దైతే, మీ కళ్ల ముందు హెడ్డు విప్పి బోరు చూపిస్తేనే తీసుకోండి. అదీ పాత మోడల్‌కు కొత్తది దొరకని పరిస్థితిలోనే.

మీ బండి ఏ పని చేస్తుంది

చెల్పూరు థర్మల్ స్టేషన్ వైపు బొగ్గు తోలే టిప్పర్, గోదావరి రేవుల నుంచి హైదరాబాద్‌కు ఇసుక తోలే బండి. వీటికి బ్రేకు పని ఎక్కువ, దుమ్ము ఎక్కువ, ఒక రోజు నిలబడితే పోయే కిరాయి కూడా ఎక్కువ. బోరు అరిగిందని తేలితే కిట్టు దగ్గర సమయం పెట్టకండి. కొత్తది, లేకపోతే రాతపూర్వక వారంటీ ఉన్న కంపెనీ రీకండిషన్. నా కొలబద్ద ఇది: బాగుచేసే ఖర్చుకు నిలబడిన రోజుల కిరాయి కలిపి చూడండి. అది కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే చవక.

కరీంనగర్ నుంచి కాకినాడ పోర్టుకు గ్రానైట్ దిమ్మెలు మోసే ట్రైలర్లకు ఇంకో కోణం ఉంది. దూరం ఎక్కువ, దారిలో చెడితే నమ్మకమైన మేస్త్రి దొరకడు, వెనక లోడు చూస్తే బ్రేకు మీద ఏ రాజీ కుదరదు. ట్రైలర్ పైపులు, కప్లింగులు కలిసేసరికి లీకులు కూడా రెట్టింపు. ఈ బండికి నేనైతే రీకండిషన్ కూడా ఆలోచించను. కొత్త కంప్రెసర్, కొత్త ఇనుప పైపు, కొత్త డ్రైయర్ కార్ట్రిడ్జ్, మూడూ ఒకేసారి. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ మీదుగా నాగపూర్ వైపు తిరిగే బండ్లకూ ఇదే. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మాటిమాటికీ తొక్కుతారు, ఎగ్జాస్ట్ బ్రేకుకు కూడా చాలా బండ్లలో గాలే కావాలి.

వడ్లు, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే పాత లారీకి సీజన్లో తప్ప పెద్ద పని ఉండదు. బోరు కొలతలో ఉంటే ఫుల్ కిట్టు చక్కగా సరిపోతుంది, పని లేని నెలల్లో తీరిగ్గా చేయించుకోవచ్చు. సీజన్ మొదలయ్యాక చేయిద్దామనుకుంటే లేత్ దగ్గర లైనులో నిలబడాలి. నిలబడి ఉన్న నెలల్లో ట్యాంకుల కాక్‌లు తెరిచి నీళ్లు వదిలేయండి. డ్రైయర్ కార్ట్రిడ్జ్ కిలోమీటర్లు తిరగకపోయినా పాతబడుతుంది.

బీఎస్6 బండి, వారంటీలో ఉన్నది అయితే ఆలోచించే పనే లేదు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే. బయట విప్పితే ఆ వారంటీ గొడవలో పడుతుంది. చాలా కొత్త బండ్లలో డ్రైయర్ దగ్గర ఎలక్ట్రానిక్ కంట్రోలు కూడా ఉంటుంది, కంప్యూటర్ పెట్టి చూడకుండా కంప్రెసర్ మీద తీర్పు చెప్పలేరు. వారంటీ అయిపోయాక మాత్రం మంచి ఆటోనగర్ మేస్త్రికీ సర్వీస్ సెంటర్‌కూ మధ్య ఎంపిక నిజంగా మీదే. కొలిచి చూపించేవాడి దగ్గరే చేయించండి, బోర్డు పెద్దదా చిన్నదా అన్నది చూడకండి.

దారిలో ఆగిపోతే

తాడ్వాయి అడవిలో రాత్రిపూట బజర్ మోగితే బండి పక్కకు తీసి ఆపడం ఒక్కటే దారి. చాలా బండ్లలో ఐదు బార్ దగ్గర్లో మోగే ఆ బజర్ వైరు పీకేసి నడిపేవాళ్లు ఉన్నారు. గాలి ఇంకా దిగితే వెనక స్ప్రింగు బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి, అది రోడ్డు మధ్యలో, మలుపులో కావచ్చు. మేడారం జాతర రోజుల్లో ఆ రూట్లో ట్రాఫిక్ కదలదు. ఇంజిన్ ఐడిల్‌లో, బ్రేకు నిమిషానికోసారి. కంప్రెసర్ తిరిగే వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ కాబట్టి బాగున్న బండిలో కూడా ముల్లు దిగుతుంది. న్యూట్రల్‌లో పెట్టి కాస్త రేస్ చేస్తే ఎక్కిపోతే భయం లేదు.

హెడ్డు దగ్గరి ఇనుప పైపు పగిలితే దాని స్థానంలో మామూలు రబ్బరు గొట్టం వేసి క్లాంపు బిగించొద్దు, ఆ వేడికి కరిగిపోతుంది. స్ప్రింగు బ్రేకు ఛాంబర్‌ను రోడ్డు మీద విప్పడం అసలే వద్దు. లోపలి స్ప్రింగు ప్రాణాలు తీసేంత బలంతో నొక్కి ఉంటుంది.

బిగించే రోజు

ఏది ఎంచుకున్నా, బిగించేటప్పుడు మీరు అక్కడ ఉండటం మంచిది. చూడాల్సినవి కొన్నే. బిగించే చోట ప్యాకింగ్ కొత్తదై ఉండాలి, పేస్టు పూయకూడదు. ఆయిల్ వచ్చే రంధ్రం, తిరిగి కారే రంధ్రం తెరిచి ఉన్నాయో లేదో బిగించే ముందే చూపించమనండి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు కంప్రెసర్‌లో కాస్త ఇంజిన్ ఆయిల్ పోయాలి, లేకపోతే ఆయిల్ చేరేదాకా బేరింగులు పొడిగా తిరుగుతాయి. పవర్ స్టీరింగ్ పంపు విప్పి ఉంటే దాని ఆయిల్, గాలి తీయడం మర్చిపోకూడదు. పాతది ఆయిల్ కొట్టి ఉంటే డ్రైయర్ కార్ట్రిడ్జ్ తప్పకుండా మార్చాలి, ట్యాంకులన్నీ ఆరబెట్టాలి. పాత జిడ్డు మిగిలి ఉంటే కొత్త కంప్రెసర్ కూడా ఆయిల్ కొడుతోందని వారం తిరక్కుండా గొడవ మొదలవుతుంది.

అయిపోయాక ఆరు నుంచి ఏడు బార్‌కు ఎన్ని సెకన్లు పట్టిందో, నిమిషానికి ఎంత దిగిందో బిల్లు వెనక రాసి మేస్త్రితో సంతకం పెట్టించుకోండి. వారంటీ అడగాల్సి వస్తే ఆ రెండు అంకెలే పనికొస్తాయి. పాత కంప్రెసర్‌ను మాత్రం రీకండిషన్ వాళ్లకు ఊరికే వదిలేయకండి. దానికి కట్టే ధర బిల్లులో విడిగా రాయమనండి, లేదా డిక్కీలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి.